రేవులో మంటలు: అయిదో పాఠం, నీళ్ల మీది వెలుగు

పోయినసారి రేవు పక్కన తగలబడే ఊరు వేయమన్నాను. మీరు పంపిన బొమ్మల్లో ఊరు తగలబడలేదు, టమాటా పచ్చడి ఒలికింది. తప్పు నాదే. ‘మంటకు ఎరుపు’ అని ఒక్క ముక్క రాసి వదిలేశాను. మంట నడిమధ్య ఎర్రగా ఉండదు, తెలుపులోకి దిగిన లేత పసుపు. ఎరుపు పొగ అడుగున మాత్రమే. పాత బొమ్మ మీదే తెల్ల పోస్టర్ కలర్ చిక్కగా వేసి, ఆరాక పసుపు పూయండి.

మన నమూనా 19వ శతాబ్దపు అమెరికా బొమ్మ. సంతకం లేదు. ముందు ఓడలు, వెనక కాలే ఊరు. ఏ ఊరని అడగకండి, బొమ్మ చెప్పడం లేదు. అప్పటి పేరులేని చిత్రకారులు చాలామంది అచ్చుబొమ్మలు చూసి వేసేవారు. అలాంటి అచ్చుబొమ్మలకు ఒక ఉదాహరణ: 1835 డిసెంబరు 16 రాత్రి న్యూయార్క్ తగలబడితే, నికొలీనో కాలియో ఆ దృశ్యాలు గవాష్‌లో వేశాడు (నీళ్లతో కలిపే చిక్కటి రంగు, మన పోస్టర్ కలర్‌కు అన్నలాంటిది). విలియం జేమ్స్ బెనెట్ వాటిని అచ్చుకు చెక్కాడు. ఆ రాత్రి చలికి ఈస్ట్ నది గడ్డకట్టింది, మంచు పగలగొట్టి నీళ్లు తోడారు, అవీ గొట్టాల్లో బిగుసుకుపోయాయి. గరుకు మంచు మీదైతే వెలుగు చెదిరి పరుచుకుంటుంది. మన బొమ్మలో ఉన్నవి కదిలే నీళ్లు.

ఇక నాకు ఒళ్లు మండే తప్పు: ప్రతిబింబాన్ని నీడలా ఏటవాలుగా గీయడం. నీడ వెలుగుకు దూరంగా పారిపోతుంది. ప్రతిబింబం చూసేవాడి దగ్గరికే వస్తుంది. కనుక బొమ్మలో మంటకు నిట్టనిలువుగా కిందికి దిగాలి. మూడు చోట్ల మంటలుంటే మూడు నిలువు చారలు, విసనకర్రలా విచ్చుకోవు. తెరచాప కొయ్య ఎడమకు వాలితే నీళ్లలోనూ ఎడమకే. అలలుంటే చార సాగుతుంది, అంచులు తెగుతాయి. స్కేలు పెట్టి చూసుకోండి, సిగ్గేం లేదు.

ఓడలకు నలుపు ట్యూబు వాడకండి. నేను కొనను. ముదురు గోధుమలో నీలం కలపండి. నిప్పురవ్వలు చిలకరించడానికి పాత టూత్‌బ్రష్ చాలు.

అభ్యాసం: చీకటి గదిలో పళ్లెం నిండా నీళ్లు, దాని వెనక కొవ్వొత్తి. కళ్లు పళ్లెం అంచుదాకా దించి, నీళ్లను వేలితో కదపండి. తల పక్కకు జరిపితే చార కూడా మీ వెంటే వస్తుంది. దాన్ని పెన్సిలుతో పన్నెండుసార్లు గీయండి. రంగు ముట్టొద్దు. పదకొండు వేసి పంపొద్దు, లెక్కపెడతాను.