ఫాఫ్సా నింపడం ఎలా: అమెరికాలో పిల్లల్ని కాలేజీకి పంపుతున్న తెలుగు తల్లిదండ్రులకు

ఇంట్లో పన్నెండో తరగతి పిల్లలు ఉంటే అక్టోబర్ వచ్చేసరికి ఒక మాట వినబడుతుంది: "మన జీతాలకి ఏమీ రాదులే, ఆ ఫారం ఎందుకు?" దయచేసి అలా వదిలేయకండి. ఫాఫ్సా అంటే కాలేజీ చదువుకి ఫెడరల్ ప్రభుత్వ సాయం కోసం పెట్టుకునే దరఖాస్తు ఫారం, దాన్ని నింపడానికి ఫీజు లేదు. ఆదాయం ఎక్కువై పెల్ గ్రాంట్ (తిరిగి కట్టక్కర్లేని ఫెడరల్ సాయం) రాకపోయినా, ఆదాయంతో పని లేకుండా ఇచ్చే ఫెడరల్ అన్‌సబ్సిడైజ్డ్ లోన్‌కి (చదువుకునే రోజుల్లోనూ వడ్డీ పడే అప్పు) దారి ఈ ఫారమే. తల్లిదండ్రుల మీద ఆధారపడిన విద్యార్థికి మొదటి ఏడాది 5,500 డాలర్ల దాకా లోన్ దొరుకుతుంది. చాలా రాష్ట్రాలు, కాలేజీలు తమ సొంత గ్రాంట్లు ఇచ్చేముందు కూడా దీన్నే చూస్తాయి.

మనవాళ్ళు ఎక్కువగా అయోమయపడేది అర్హత దగ్గర. ఇక్కడ చూసేది విద్యార్థి హోదానే, అమ్మానాన్నల వీసా కాదు. మీరు హెచ్-1బి మీద ఉన్నా సరే, అమ్మాయి అమెరికాలో పుట్టి ఉంటే సిటిజనే కాబట్టి దరఖాస్తు చేసుకోవచ్చు. గ్రీన్‌కార్డు ఉన్న పిల్లలకీ అంతే. హెచ్-4 మీద, అంటే హెచ్-1బి వాళ్ళ కుటుంబానికిచ్చే వీసా మీద ఉన్న పిల్లలకి మాత్రం ఫెడరల్ సాయం అందదు. ఒకటో తరగతి నుంచి ఇక్కడే చదివిన పిల్లలకి ఈ నిబంధన అన్యాయమనే నా అభిప్రాయం. అలాంటి పిల్లలు కాలేజీలు తమ సొంత నిధుల నుంచి ఇచ్చే సాయం గురించి అడగాలి. వాటిలో కొన్ని కాలేజ్ బోర్డు నడిపే సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే వేరే ఫారం నింపమంటాయి. దానికి ఫీజు ఉంటుంది, ఆదాయం తక్కువైన వాళ్ళకి మినహాయింపు ఉంది.

మొదట స్టూడెంట్‌ఎయిడ్ డాట్ గవ్ సైట్‌లో అకౌంట్లు తెరవాలి. విద్యార్థికి ఒకటి, తల్లిదండ్రులకి వేరేగా ఒకటి. ఒకరి ఈమెయిల్ ఇంకొకరికి వాడకూడదు. అమ్మానాన్నలు ఉమ్మడిగా ట్యాక్స్ ఫైల్ చేసి ఉంటే ఒక్కరు సంతకం చేస్తే చాలు, విడివిడిగా చేస్తే ఇద్దరూ చేయాలి. సోషల్ సెక్యూరిటీ నంబర్ లేని తల్లి లేదా తండ్రి కూడా అకౌంట్ తెరవొచ్చు.

పేరు దగ్గర జాగ్రత్త. మా అబ్బాయి ఫారం మొదటిరోజే ఆగిపోయింది. మా ఆవిడ సోషల్ సెక్యూరిటీ కార్డులో పుట్టింటి ఇంటిపేరు ఉంది, మేము డ్రైవింగ్ లైసెన్స్ చూసి టైప్ చేశాం. మన పేర్లు ఒక కాగితంలో ఇంటిపేరు ముందుండి, ఇంకోదాంట్లో వెనకుండి, మరోచోట రెండు ముక్కలుగా విడిపోయి ఉంటాయి కదా. కార్డు పక్కన పెట్టుకుని, దాని మీద ఉన్నది ఉన్నట్టు కొట్టండి.

ఫారంలో ఐఆర్ఎస్ (ఫెడరల్ పన్నుల శాఖ) నుంచి ఆదాయ వివరాలు తీసుకోవడానికి అనుమతి అడుగుతారు. సందేహించి వద్దనకండి, అది ఇవ్వకపోతే ఫెడరల్ సాయానికి అర్హతే ఉండదు. చూసే ఆదాయం రెండేళ్ళ వెనకటిది. 2026-27 చదువుకి 2024 ట్యాక్స్ రిటర్న్ లెక్క.

ఇక ఆస్తులు. ఉంటున్న ఇల్లు, 401కె లాంటి రిటైర్‌మెంట్ ఖాతాలు రాయక్కర్లేదు. కానీ హైదరాబాద్‌లో అద్దెకిచ్చిన ఫ్లాట్, విజయవాడ దగ్గర కొన్న స్థలం మీ పేరున ఉంటే రాయాలి. వాటి ఇప్పటి ధరలోంచి లోన్ బాకీ తీసేసి, ఫారం నింపే రోజు మారకం రేటుతో డాలర్లలో చూపించాలి. "ఇండియాలోది ఎవరికి తెలుస్తుందిలే" అని దాచడం తప్పు, ఫారం మీద సంతకం చేసేది మీరు. మీ నాన్నగారి పేరున ఉన్న పొలం మాత్రం మీది కాదు, దాన్ని చేర్చకండి. ఇంకో సంగతి: విద్యార్థి పేరున ఉన్న డబ్బులో ఇరవై శాతం చదువుకి వాడగలరని లెక్కేస్తారు, తల్లిదండ్రుల ఆస్తిలో అది ఆరు శాతం కూడా ఉండదు. పిల్లల పేరున డబ్బు దాచే ముందు ఇది గుర్తుంచుకోండి.

కాలేజీలు ఇరవై దాకా చేర్చుకోవచ్చు. పంపాక స్టూడెంట్ ఎయిడ్ ఇండెక్స్ అనే అంకె వస్తుంది. అది మీరు కట్టాల్సిన ఫీజు కాదు, సాయం లెక్కకి వాడే కొలత మాత్రమే; ఎంత తక్కువుంటే సాయం అవసరం అంత ఎక్కువని అర్థం. మైనస్ 1,500 దాకా కూడా ఉండొచ్చు. గరిష్ఠ పెల్ గ్రాంట్ 2025-26లో 7,395 డాలర్లు.

ఫారం మామూలుగా అక్టోబర్ 1కి తెరుచుకుంటుంది. 2026-27కి ఫెడరల్ గడువు 2027 జూన్ 30 దాకా ఉంది, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోకండి. రాష్ట్రాల, కాలేజీల గడువులు చాలా ముందే ముగుస్తాయి, కొన్నిచోట్ల ముందొచ్చిన వాళ్ళకే నిధులు. ఏటా కొత్తగా నింపాలన్నదీ మరిచిపోవద్దు.

రెండేళ్ళ కింద మంచి జీతం, ఇప్పుడు లేఆఫ్ అయితే? ఫారంలో అది చెప్పే చోటు లేదు. ముందు ఫారం మామూలుగానే పంపి, తర్వాత కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకి రాసి ప్రొఫెషనల్ జడ్జ్‌మెంట్, అంటే మీ ఇప్పటి పరిస్థితి చూసి లెక్క సవరించమని అడగండి. ఉద్యోగం పోయిన తేదీ ఉన్న ఉత్తరం, ఆఖరి పేస్లిప్, నిరుద్యోగ భృతి కాగితాలు జతచేయండి. మొహమాటపడి ఊరుకునే వాళ్ళని చాలామందిని చూశాను, అడిగితే తప్పు లేదు. ఎయిడ్ ఆఫీసు తీసుకున్న నిర్ణయం మీద ఫెడరల్ విద్యాశాఖకి అప్పీలు చేసుకునే వీలు లేదు కాబట్టి మొదటిసారే కాగితాలన్నీ ఇచ్చేయండి.