పంచాయతీ లేని పల్లె చరిత్ర రాయాలంటే

మాది హైదరాబాద్ శివార్లలో చిన్న రైతుల పల్లె. పంచాయతీ లేదు, జనాభా లెక్కల్లో పేరూ లేదు. అన్నీ పక్క రెవెన్యూ గ్రామం ఖాతాలోకే పోతాయి. ఇలాంటి చోట ఊరి పేరు పట్టుకుని ఆఫీసులు తిరిగితే చెప్పులరుగుతాయి తప్ప కాగితం దొరకదు. సర్వే నంబర్లు పట్టుకోండి.

ఎవరైనా పెద్దాయన పాత పాసుపుస్తకం అడిగి నంబర్లు రాసుకోండి. వాటితో తహసీల్ ఆఫీసులో గ్రామ నక్షా (పటం), సేత్వార్ (సర్వే నాటి భూముల రిజిస్టరు), 1954-55 ఖాస్రా పహాణీ (ఏ పొలం ఎవరి పేర, ఎవరి సాగులో ఉందో రాసిన రికార్డు) నకళ్లకు దరఖాస్తు పెట్టండి. చివరిదే అసలు బంగారం. పట్టాదారు పేరు ఒక గడిలో, సాగు చేసేవాడి పేరు ఇంకో గడిలో ఉంటాయి. రెండూ ఒకటే అయితే ముందుకు పోండి. వేరైతే ఆగండి. 1950 కౌలుదారీ చట్టం కింద ఆ దున్నినవాళ్లు రక్షిత కౌలుదారులుగా (భూస్వామి ఇష్టమొచ్చినట్టు వెళ్లగొట్టలేని కౌలుదారులుగా) నమోదయ్యారో లేదో కూడా చూడండి. మా ఊళ్లో సగం తగాదాల వేరు అక్కడే ఉంది.

అంతకన్నా వెనక్కి పోవాలంటే ఉర్దూ తప్పదు. పట్నం చుట్టుపక్కల చాలా ఊళ్లు నిజాం సొంత ఆస్తి అయిన సర్ఫ్-ఎ-ఖాస్ కింద ఉండేవి. 1949లో సర్కారులో కలిశాయి. జాగీర్లు, అంటే నిజాం తనవాళ్లకు రాసిచ్చిన ఊళ్లు, రద్దయిందీ ఆ ఏడే. మీ ఊరు దేని కింద ఉండేదో తెలుసుకున్నాకే తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్లండి. ఏళ్లు ఫసలీలో (పాత రెవెన్యూ సంవత్సరాల లెక్కలో) ఉంటే, ఇంగ్లీషు ఏడాది కోసం 590 కలుపుకోండి. చేతిరాత ఉర్దూ చదవగల పాతబస్తీ పెద్దమనిషిని వెంట తీసుకెళ్లండి, చాయ్ ఖర్చు మీదే.

ఇక ముసలివాళ్లు. "ఊరి చరిత్ర చెప్పు తాతా" అంటే "ఏముంది బిడ్డా, కష్టపడ్డం, బతికినం" అంటారు. బావి దగ్గరికి తీసుకెళ్లి "ఈ బాయి ఎవలు తవ్విండ్రు?" అనండి. మా మోటబావి అంచు రాయి మీద తాడు ఒరిసి ఒరిసి వేలు పట్టేంత గాడి పడింది. దాని మీద చెయ్యి వేసి మా పెద్దమ్మ మోట కొట్టిన ఇళ్లన్నీ వరసగా చెప్పింది, ఎవరి ఎద్దు మొండిదో సహా. సంవత్సరం మాత్రం అడక్కండి. "పోలీస్ యాక్షన్‌కు ముందా, తర్వాతా?" అంటే, నిజాం రాజ్యంలోకి భారత సైన్యం వచ్చిన 1948 సెప్టెంబరుకు ఇటో అటో తేలిపోతుంది.

చెలకల పేర్లు, బొడ్రాయి, కట్ట మైసమ్మ, అన్నీ నక్షా జిరాక్స్ మీద గుర్తు పెట్టుకోండి. వెంచర్ రాళ్లు పాతకముందే ఈ పని కావాలి. పెన్సిల్‌తోనే రాయండి, ఒకే చెలకకు ఇద్దరు ముసలివాళ్లు రెండు పేర్లు చెబుతారు, ఇద్దరూ తగ్గరు.