బేస్ గిటార్ లేకుండా షికాగో బ్లూస్: హౌండ్ డాగ్ టేలర్ దారి

షికాగో సౌత్ సైడ్ ప్రాంతపు బార్లలో బ్లూస్ గిటారిస్టు హౌండ్ డాగ్ టేలర్ ఏళ్ల తరబడి స్లయిడ్ గిటార్ (వేలికి తొడిగిన గొట్టాన్ని తీగల మీద జార్చి వాయించే పద్ధతి) వాయించాడు. బ్రూయర్ ఫిలిప్స్ రెండో గిటార్, టెడ్ హార్వీ డ్రమ్స్. బేస్ లేదు. వీళ్ల రికార్డు తేవడానికే 1971లో అలిగేటర్ రికార్డ్స్ అనే కంపెనీ పుట్టింది. ఆ జోరు మీకూ కావాలంటే ముగ్గురు చాలు.

స్లయిడ్ గిటార్‌ను ఓపెన్ డి శ్రుతికి దించండి: ఆరో తీగ, ఒకటో తీగ డి, మూడోది ఎఫ్ షార్ప్, రెండోది ఎ. నాలుగు, అయిదు తీగలను కదపకండి. సన్న తీగలు ఈ శ్రుతిలో వదులై ఫ్రెట్లకు కొట్టుకుంటాయి. అందుకే ఒకటో తీగ 12 లేదా 13 గేజ్ (తీగ మందం) వేయండి. స్లయిడ్ సరిగ్గా ఫ్రెట్ కడ్డీ మీదే ఆగాలి, స్లయిడ్ వెనక ఉన్న వేలు తీగలను తాకి అనవసర మోత ఆపాలి. స్లయిడ్‌తో జి కార్డ్ అయిదో ఫ్రెట్‌లో, ఎ కార్డ్ ఏడో ఫ్రెట్‌లో వస్తాయి.

బేస్ లేదు కాబట్టి అసలు భారం రెండో గిటార్‌ది. మామూలు శ్రుతిలోనే డి మీద ఈ వరుస (అంకెలు ఫ్రెట్లు): అయిదో తీగ 5, నాలుగో తీగ 4, 7, మూడో తీగ 4, వచ్చిన దారినే వెనక్కి. జికి ఇదే ఆకారం ఆరో తీగ 3 నుంచి, ఎకు 5 నుంచి. ట్రెబుల్ తగ్గించండి. రెండో గిటారిస్టు కూడా సోలోకి ఎగబడితే పాట అడుగు ఖాళీ అవుతుంది. డ్రమ్మర్ షఫుల్ (పొడవు-పొట్టి దెబ్బల ఊగే లయ) వదలకూడదు.

పాట నడక పన్నెండు బార్లు (ఇక్కడ బార్ అంటే ఒక తాళ ఆవృత్తం), కార్డులు ఇలా: డి నాలుగు, జి రెండు, డి రెండు, ఎ ఒకటి, జి ఒకటి, డి రెండు.