సెకండ్‌హ్యాండ్ టర్బో సెడాన్‌ను ఎలా పరీక్షించాలి?

స్కోడా ఆక్టావియా 1.8 టీఎస్ఐ లాంటి బండి పాతబడ్డాక కొత్త హ్యాచ్‌బ్యాక్ ధరకే దొరుకుతుంది. 180 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) టర్బో పెట్రోల్ ఇంజిన్, ఇంటిల్లిపాది సామానూ పట్టే డిక్కీ. ఆశ పుట్టడం సహజం. కొన్నాక నిరాశపడేవాళ్లలో చాలామంది చేసే పొరపాటు ఒకటే: బండిని ఓఆర్‌ఆర్ (హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కించి, తొక్కి చూసి, అడ్వాన్స్ ఇచ్చేస్తారు. ఆ వేగంలో ఇంజిన్ గొప్పగానే ఉంటుంది. జబ్బు ఉండేది గేర్‌బాక్స్‌లో, అది బయటపడేది అమీర్‌పేట ట్రాఫిక్‌లో. పైగా ధర తగ్గింది బండికే, స్పేర్ పార్టులకు కాదు.

1. చల్లగా ఉన్నప్పుడే చూడండి. వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే ఇంకో పూట రావడమే మేలు. స్టార్ట్ చేసిన మొదటి రెండు మూడు సెకన్లు గలగలమంటే టైమింగ్ చెయిన్ టెన్షనర్‌ను (ఇంజిన్‌లోని గొలుసును బిగుతుగా ఉంచే భాగం) అనుమానించాలి. కూలెంట్ మట్టం రెండు గీతల మధ్య ఉండాలి. తగ్గితే వాటర్ పంపు, థర్మోస్టాట్ హౌసింగ్ దగ్గర టార్చి వేసి చూడండి. ఆ ప్లాస్టిక్ భాగం కారడం ఈ ఇంజిన్లలో తెలిసిన సమస్యే. ఎండిన గులాబీరంగు మరకే సాక్ష్యం.

2. స్కానర్ (బండి కంప్యూటర్లలో నమోదైన లోపాల కోడ్‌లను చదివే పరికరం) పెట్టించండి. ఇంజిన్ ఒక్కదాన్నే కాదు, గేర్‌బాక్స్ మాడ్యూల్‌ను కూడా చదవాలి. పీ17బీఎఫ్ కోడ్ వస్తే మెకట్రానిక్ యూనిట్‌లో (గేర్లు, క్లచ్‌లను నడిపే భాగం) హైడ్రాలిక్ ప్రెజర్ నిలవడం లేదని అర్థం. బాగుచేయించే ఖర్చు బేరంలో తగ్గించుకునే పాతికవేలతో తీరేది కాదు. అన్ని మాడ్యూళ్లలో కోడ్‌లేవీ లేకపోయినా సంబరపడొద్దు, ఉదయమే చెరిపేసి ఉండొచ్చు. డ్రైవ్ అయ్యాక మళ్లీ స్కాన్ చేయించండి.

3. కనీసం 40 నిమిషాలు, ఎక్కువ భాగం నెమ్మదిగా నడపండి. అసలు పరీక్ష ఇదే. ఈ బండిలోని 7 గేర్ల డీఎస్‌జీలో (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్) ఉన్నవి డ్రై క్లచ్‌లు, వాటిని చల్లబరిచే ఆయిల్ ఉండదు. ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం పాకించిన బండిలో అవి వేడెక్కి, పైన నున్నగా మెరుగుతేలి పట్టు కోల్పోతాయి. చదునైన చోట బ్రేక్ వదలండి: బండి కుదుపు లేకుండా దానంతట అదే కదలాలి. యాక్సిలరేటర్‌ను తాకీ తాకనట్టు నొక్కుతూ 1 నుంచి 3వ గేరు దాకా పదిసార్లయినా వెళ్లండి. 2వ గేరులో వణుకు వస్తే క్లచ్ సెట్ వంతు వచ్చినట్టే. సెల్లార్ ర్యాంపు మీద రివర్స్‌లో ఎక్కించండి. చాలా బండ్లు దొరికిపోయేది అక్కడే. "డీఎస్‌జీ అంటే అంతేనండీ" అని అమ్మేవాళ్లు అంటే నమ్మకండి. ఆ తర్వాత కావాలంటే ఓఆర్‌ఆర్ ఎక్కండి.

4. ట్యూన్ చేశారేమో (పవర్ పెంచారేమో) కనుక్కోండి. ఆ గేర్‌బాక్స్ తట్టుకునే టార్క్ (తిప్పే శక్తి) 250 ఎన్ఎం, కంపెనీ ఇంజిన్‌ను అక్కడికే కట్టడి చేసింది. రీమ్యాప్ చేసి (ఇంజిన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్చి) పెంచితే ఆ భారమంతా క్లచ్‌ల మీదే పడుతుంది. మార్చిన ఎయిర్ ఫిల్టర్, ఎగ్జాస్ట్ పైపు కనిపిస్తే నేరుగా అడిగేయండి. 2017 వీఆర్ఎస్ (ఆక్టావియాలోనే మరింత పవర్ ఉన్న రకం) లెక్క వేరు: అందులో 6 గేర్ల వెట్ క్లచ్ (ఆయిల్‌లో మునిగి ఉండే క్లచ్) డీఎస్‌జీ ఉంటుంది, 60,000 కిలోమీటర్లకోసారి గేర్‌బాక్స్ ఆయిల్ మార్చిన బిల్లు అడగాలి.

5. కాగితాలు. సర్వీస్ చరిత్ర, పెండింగ్ చలాన్లు, ఆర్సీలో హైపోథికేషన్ (బండి మీద లోన్ ఉన్నట్టు నమోదు) చూసుకోండి. ఢిల్లీ బండి చవగ్గా కనిపిస్తే ఎన్‌ఓసీ ఉందో లేదో చూసి, ఇక్కడ మళ్లీ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కూడా ధరలో కలుపుకోండి.

6. కొన్నాక నడిపే పద్ధతి మార్చుకోండి. ముందు బండి జరిగిన ప్రతిసారీ పాకించకండి. కారు పొడవంత ఖాళీ వచ్చాక ఒకేసారి కదలండి. ఎత్తు మీద బండిని యాక్సిలరేటర్‌తో ఆపి ఉంచొద్దు, బ్రేక్ గట్టిగా నొక్కి ఉంచండి. అప్పుడు క్లచ్ ఇంజిన్ నుంచి విడివడి, రాపిడి లేకుండా ఉంటుంది.