అంట్లకు సముద్రపు నీరు, ఆఖరి తడుపుకు మంచినీరు

ఆఫ్రికా తీరం దగ్గరి కానరీ దీవుల నుంచి కరీబియన్ దీవి సెయింట్ లూసియాకు అట్లాంటిక్ మీదుగా సుమారు 2,700 నాటికల్ మైళ్లు (దాదాపు 5,000 కి.మీ.) తెరచాప పడవలో దాటేటప్పుడు, ట్యాంకులోని మంచినీరు మా ఇద్దరి అంట్లకే తరిగిపోతుండేది. అందువల్ల ఇప్పుడు గిన్నెలను బకెట్‌తో తోడిన సముద్రపు నీటిలో, గిన్నెలు తోమే ద్రవంతోనే తోమి (మామూలు సబ్బు ఉప్పునీటిలో సరిగా నురగ కట్టదు), అదే నీటితో కడిగి, చివర స్ప్రే సీసాలోని మంచినీటిని ఒక్కో పళ్లేనికి నాలుగైదు సార్లు చిమ్మి, వెంటనే పొడిగుడ్డతో తుడుస్తున్నాము. పూటకు అర లీటరు సరిపోతోంది. కత్తి పిడి సందులో తెల్లని ఉప్పు పొర మిగిలితే తుప్పు పడుతుంది కనుక అక్కడ మరోసారి చిమ్మాలి. రేవులో గానీ, పడవలు గుంపుగా లంగరు వేసిన చోట గానీ ఈ పద్ధతి పనికిరాదు. అక్కడి నీటిలో చమురు, మురుగు కలిసి ఉండవచ్చు.