ఫైలు పేరు గుర్తులేకపోయినా లోపలి మాటతో వెతకడం ఎలా?

‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘అసలు ఫైనల్’ వంటి పేర్లతో ఫైళ్లు పేరుకుపోయిన కంప్యూటరులో ఎప్పటిదో అద్దె ఒప్పందాన్ని పేరును బట్టి పట్టుకోవడం కష్టం. అందులోని ఇంటి నంబరో, యజమాని ఇంటిపేరో గుర్తుంటే మాత్రం ఆ ఒక్క మాటతోనే ఫైలును బయటికి తీయవచ్చు. విండోస్ 10, 11 రెండింటిలోనూ ఈ సౌకర్యం ఉంది కానీ, చాలామంది కంప్యూటర్లలో అది సగమే పనిచేస్తూ ఉంటుంది.

కారణం ఇండెక్సింగ్. మనం అడిగినప్పుడల్లా విండోస్ ప్రతి ఫైలునూ తెరిచి చదవదు. ఏ పదం ఏ ఫైలులో ఉందో ముందుగానే ఒక సూచికలో నమోదు చేసుకుని, దానిలోనే వెతుకుతుంది. డి డ్రైవు మామూలుగా ఆ సూచికలోకి రాదు, మనవాళ్లలో చాలామంది ముఖ్యమైన కాగితాలన్నీ దాచేదేమో అక్కడే.

కాబట్టి ముందుగా స్టార్ట్ మెనూలో ఇండెక్సింగ్ ఆప్షన్స్ అని ఇంగ్లీషులో టైపు చేసి ఆ కిటికీ తెరవండి. మాడిఫై బటన్ నొక్కి, మీ పత్రాలున్న ఫోల్డరుకు టిక్కు పెట్టండి. తరువాత అడ్వాన్స్‌డ్ నొక్కి, ఫైల్ టైప్స్ ట్యాబులో డాక్స్ (docx, అంటే వర్డ్ ఫైళ్లు), పీడీఎఫ్ రకాలను ఒక్కొక్కటిగా ఎంచుకుని, కింద ‘ఇండెక్స్ ప్రాపర్టీస్ అండ్ ఫైల్ కంటెంట్స్’ అన్నది ఎంపికై ఉందో లేదో చూడండి. అది కాక పై ఎంపిక ఉంటే, ఆ రకం ఫైళ్లలోని మాటలు సూచికకు ఎక్కవు. కిటికీ పైభాగాన ‘ఇండెక్సింగ్ కంప్లీట్’ అని కనిపించేవరకు ఆగడం మంచిది. ఫైళ్లు ఎక్కువగా ఉంటే దీనికి గంటలు పట్టవచ్చు.

ఇక వెతకడం సులభం. ఫైల్ ఎక్స్‌ప్లోరరులో ఆ ఫోల్డరు తెరిచి, కుడివైపు పైనున్న పెట్టెలో మాట టైపు చేయండి. రెండు మూడు మాటలు అదే వరుసలో ఉన్న పత్రమే కావాలంటే వాటిని కొటేషన్ గుర్తుల మధ్య ఉంచండి. ఫైలు పేర్లను వదిలేసి లోపలి పాఠంలోనే వెతకాలంటే, ఇంగ్లీషులో కంటెంట్ అని రాసి, కోలన్ పెట్టి, దాని పక్కనే మాట రాయండి.

తెలుగు మాటలతో వెతికేటప్పుడు అసలు చిక్కు విభక్తులతో, బహువచనాలతో వస్తుంది. మీరు ‘ఒప్పందం’ అని అడిగితే, ‘ఒప్పందాన్ని’, ‘ఒప్పందాలు’ అని మాత్రమే ఉన్న పత్రం దొరకదు. అందుచేత మారని భాగం వరకే, అంటే ‘ఒప్పంద’ అని టైపు చేయండి. విండోస్ పదం మొదటి అక్షరాల నుంచి పోల్చి చూస్తుంది కనుక ‘కౌలుఒప్పందం’ అని కలిపి రాసినచోట ఈ ఉపాయమూ పారదు. అప్పుడు ‘కౌలు’తో వెతకాలి. అసలు తెలుగు మాటకంటే సర్వే నంబరు, తేదీ, రూపాయల మొత్తం వంటి అంకెలు నమ్మకమైన ఆనవాళ్లు, ఎందుకంటే వాటికి విభక్తులు అంటుకున్నా సాధారణంగా అంకెలు మారవు.

ఇంత చేసినా దొరకకపోతే, ఫైలు ‘అను’ (Anu) అనే పాత తెలుగు ఫాంట్లలో టైపు చేసినదేమో చూడండి. డీటీపీ సెంటర్లలో తయారైన పాత పత్రాలు ఎక్కువగా ఇలాంటివే. అందులోని ఒక వాక్యాన్ని కాపీ చేసి నోట్‌ప్యాడులో పేస్ట్ చేయండి: తెలుగుగానే కనిపిస్తే అది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ గుర్తించే అక్షర పద్ధతి), అర్థంలేని గుర్తులు వస్తే అది పాత ఫాంటు. రెండో రకంలో కంప్యూటరు దృష్టిలో తెలుగు అక్షరాలే లేవు కనుక, కన్వర్టరుతో యూనికోడులోకి మార్చాలి, లేదా కనీసం ఫైలు పేరులోనైనా ముఖ్యమైన మాటలు చేర్చాలి.

స్కాన్ చేసిన పీడీఎఫ్‌లదీ ఇదే పరిస్థితి. అవి కేవలం ఫొటోలు. గూగుల్ డ్రైవులోకి ఎక్కించి, ఫైలుపై రైట్ క్లిక్ చేసి, ‘ఓపెన్ విత్ గూగుల్ డాక్స్’ ఎంచుకుంటే తెలుగు అక్షరాలను కూడా గుర్తించి పాఠంగా ఇస్తుంది, అయితే ఒత్తుల దగ్గర తప్పులు పడుతుంటాయి. ఆధార్, బ్యాంకు పత్రాలను అలా ఎక్కించడం ఇష్టంలేనివారు టెసరాక్ట్ అనే ఉచిత ప్రోగ్రామును తెలుగు భాషా ఫైలుతో సహా తమ కంప్యూటరులోనే పెట్టుకుని, పీడీఎఫ్ పేజీలను ముందుగా బొమ్మలుగా మార్చి, ఇంటర్నెట్టు అవసరం లేకుండా ఆ పని చేసుకోవచ్చు.