ఆరోగ్య సాహిత్య సూచికలో పాత శీర్షికలను సవరించుకోవడం ఎలా

గోదావరి డెల్టాలోని ఒక వైద్య కళాశాల గ్రంథాలయంలోనో, ఆరోగ్య రంగంలో పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థ కార్యాలయంలోనో ఏళ్ల తరబడి పోగైన కరపత్రాలు, పత్రికా వ్యాసాలు, పీజీ విద్యార్థుల పరిశోధన గ్రంథాలు ఉన్నాయనుకుందాం. వాటికి ఒకప్పుడు ఎవరో విషయ శీర్షికలు ఇచ్చారు, తరువాత వచ్చినవారు తమకు తోచిన పదాలను వాటికి చేర్చుకుంటూ పోయారు. దాంతో ఒకే జబ్బు బోదకాలు, ఏనుగుకాలు, పైలేరియా, ఫైలేరియాసిస్ అనే నాలుగు శీర్షికల కింద నాలుగు చోట్ల చెదిరిపోయింది. లంక గ్రామం నుంచి వచ్చిన ఏఎన్ఎం "పైలేరియా మాత్రల గురించి తెలుగులో ఏమైనా ఉందా అండీ?" అని అడిగినప్పుడు మనం ఒక్క చోట చూసి, ఉన్నదాన్ని లేదని చెప్పి పంపేస్తాం. ఇలాంటి సూచికను దారిలో పెట్టే పద్ధతిని, చేస్తూ నేర్చుకున్నవాడిగా ఇక్కడ రాస్తున్నాను.

నియంత్రిత పదావళిలో ఒక భావానికి ఒక్కటే ప్రామాణిక శీర్షిక ఉంటుంది. మిగిలిన పేర్లన్నీ "ఫలానా శీర్షిక చూడు" అంటూ దాని దగ్గరకు దారి చూపుతాయి. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం 1960లో ప్రారంభించి, నేటికీ ఏటా సవరిస్తున్న మెష్ అనే వైద్య విషయ శీర్షికల పట్టిక ఈ రంగంలో అందరికీ తెలిసిన నమూనా. అందులో 16 ప్రధాన విభాగాలు, 30,000కు పైగా శీర్షికలు ఉన్నాయి. దాన్ని మొత్తంగా తెలుగులోకి తేవడం ఒక చిన్న గ్రంథాలయం తలకెత్తుకోదగిన పని కాదు, అవసరమూ లేదు. లాటిన్ అమెరికా దేశాల గ్రంథాలయాలు మెష్‌ను ఆధారంగా తీసుకొని, స్పానిష్, పోర్చుగీసు భాషల్లో డెక్స్ అనే పదావళిని తయారు చేసుకున్నాయి. ప్రజారోగ్యం వంటి రంగాల్లో తమకు కావలసిన శీర్షికలను అదనంగా చేర్చుకున్నాయి. మనమూ చేయవలసింది అదే, కాకపోతే మన స్థాయిలో.

మొదటి రోజు ఏ పదాన్నీ ముట్టుకోకూడదు. ఉన్న పట్టికకు రెండు నకళ్లు తీసి దాచి, సవరణ పూర్తయ్యేవరకు కొత్త శీర్షికలు చేర్చడం ఆపివేయాలి. ఆ తరువాత ప్రతి భావానికీ అర్థంతో సంబంధం లేని ఒక వరుస సంఖ్య ఇవ్వాలి. రేపు శీర్షిక పేరు మారినా ఈ సంఖ్య మారదు కాబట్టి, దాని కింద ఉన్న కాగితాలు చెల్లాచెదురు కావు. సమానమైన మెష్ శీర్షిక ఉన్నచోట దాని సంఖ్యను కూడా పక్క గడిలో రాసుకుంటే, వైద్య వ్యాసాలను వెతికే ఆన్‌లైన్ సూచిక పబ్‌మెడ్‌లో వెతకవలసి వచ్చినప్పుడు ఆ గడి ఎంతో అక్కరకు వస్తుంది.

తరువాత ఒక్కొక్క శీర్షిక కింద ఎన్ని అంశాలు ఉన్నాయో లెక్క తీయాలి. ఒక్క అంశం కూడా లేని శీర్షికలు, "జ్వరాలు" లాగా సగం బీరువాను మింగేసిన శీర్షికలు వెంటనే కంటపడతాయి. దీనితోపాటు పాఠకులు ఏ మాటతో అడుగుతున్నారో చీటీల మీద రాసి ఉంచాలి. కౌంటరు దగ్గర మూడు నెలలు ఓపికగా రాసిన చీటీలు పదావళి సంఘం వారి పది సమావేశాల కంటే ఎక్కువ పని చేస్తాయని నా నమ్మకం. ఆ మూడు నెలల్లో వరదల కాలం కూడా కలిసేలా చూసుకోవాలి, ఎందుకంటే గోదావరికి వరద వచ్చినప్పుడు అడిగే మాటలు వేరుగా ఉంటాయి.

ప్రామాణిక శీర్షికను ఎంచుకునేటప్పుడు సంస్కృత పదమా, ఇంగ్లీషు నుంచి వచ్చిన పదమా అన్న వాదనలోకి దిగకుండా, ఏ పదం ఒక్క అర్థాన్నే ఇస్తుందో చూడాలి. "మధుమేహం" శీర్షికగా ఉండవచ్చు, "షుగర్", "చక్కెర వ్యాధి" దానికి దారి చూపుతాయి. అయితే "మూర్ఛ" విషయంలో ఇది కుదరదు. మన వాడుకలో స్పృహ తప్పడమూ మూర్ఛే, ఏళ్ల తరబడి మందులు వాడవలసిన జబ్బూ మూర్ఛే. అందుచేత దీర్ఘకాలపు జబ్బుకు "మూర్ఛ వ్యాధి" అని, ఏ కారణం వల్లనైనా వచ్చే లక్షణానికి "ఫిట్స్" అని రెండు శీర్షికలు పెట్టడం మేలు. ఈ రెండింటినీ మెష్ కూడా విడివిడిగానే ఉంచుతుంది. కామెర్ల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. అది లక్షణం, కాలేయ వ్యాధులు వేరు. "వాతం" ఆయుర్వేదంలో ఒక మూల భావం కాబట్టి దాన్ని కీళ్లనొప్పులలో కలిపేయకూడదు.

వర్ణక్రమం సంగతి చిన్నదే అయినా విసిగిస్తుంది. కుష్టు, కుష్ఠు రెండూ అచ్చులో కనిపిస్తాయి, కంటికి కనబడని అక్షర విభాజకం ఒకటి పదం మధ్యలో చేరినా కంప్యూటరు దాన్ని వేరే పదంగా లెక్కిస్తుంది. దీనికి విరుద్ధమైన చిక్కు కూడా ఉంది. మా పట్టికలో "వరి" అని వెతికితే వరి కోతల్లో వచ్చే చర్మవ్యాధుల వ్యాసాలతోపాటు వరిబీజం ఆపరేషన్ల కరపత్రాలూ వరుసగా వచ్చి కూర్చునేవి. పూర్తి పదాన్ని మాత్రమే పోల్చేలా అమర్చిన తరువాత ఆ బాధ తప్పింది.

అన్నిటికంటే జాగ్రత్తగా చేయవలసిన పని, రెండు శీర్షికలను కలపడం. "అమ్మవారు", "ఆటలమ్మ" రెండూ ఒకటేనని భావించి నేను ఒక మధ్యాహ్నం మొదటిదాన్ని రెండోదానిలో కలిపేశాను. కొన్నాళ్లకు ఒక విద్యార్థిని టీకాల చరిత్ర మీద పనిచేస్తూ మశూచి గురించిన పాత తెలుగు కరపత్రాలు కావాలని వచ్చింది. సూచికలో మశూచి కింద ఏమీ దొరకలేదు. బీరువా తెరిచి చూస్తే, అంచులు పసుపెక్కిన ఒక కరపత్రం మీద "అమ్మవారు రాకుండా టీకాలు వేయించుకోండి" అని ఉంది, నేనిచ్చిన కొత్త శీర్షిక మాత్రం "ఆటలమ్మ" అని ఉంది. భారతదేశంలో చివరి మశూచి కేసు నమోదైనది 1975లో, ప్రపంచ ఆరోగ్య సభ ఆ వ్యాధి నిర్మూలన పూర్తయిందని ప్రకటించినది 1980లో. అంతకు ముందు అచ్చయిన కాగితంలో "అమ్మవారు" అంటే మశూచి కావచ్చు, ఆటలమ్మ కావచ్చు, ఒక్కొక్కచోట తట్టు కూడా కావచ్చు. దాన్ని తెరిచి చదివితే తప్ప తేలదు. అందుకే ఇప్పుడు "అమ్మవారు" మా పట్టికలో శీర్షిక కాదు. అది "మశూచి, ఆటలమ్మ, తట్టు చూడు" అని మూడు వైపులా చూపే పదం. ఒక పదం ఒకటికి మించిన అర్థాలతో వాడుకలో ఉందన్న అనుమానం కలిగితే, కలపడానికి ముందు దాని కిందనున్న ప్రతి కాగితాన్నీ చేతిలోకి తీసుకోవాలి.

ఇక శీర్షికల వరుస. కింది శీర్షికలోని ప్రతి అంశమూ పై శీర్షికకు చెందినదే అని చెప్పగలిగితేనే ఒకదాని కింద మరొకటి పెట్టాలి. బోదకాలు దోమ కాటుతో వ్యాపించే క్రిమి వల్ల వచ్చే జబ్బు కాబట్టి అది పరాన్నజీవుల వ్యాధుల కింద ఉండాలి. శోషరస (లింఫ్) నాళాలు దెబ్బతినడం వల్ల కాలు వాస్తుంది కాబట్టి శోషరస వ్యవస్థ వ్యాధుల కిందా ఉండాలి. ఒకే శీర్షిక రెండు చోట్ల ఉండడం తప్పు కాదు, మెష్‌లోనూ అలాగే ఉంటుంది. వరిబీజం సంగతి వేరు. డెల్టాలో చాలామంది దాన్ని పైలేరియాతో జతచేసి మాట్లాడతారు, ఆ మాటలో నిజమూ ఉంది. అయినా ప్రతి వరిబీజమూ పైలేరియా వల్ల వచ్చేది కాదు కనుక దాన్ని బోదకాలు కింద పెట్టకుండా, "సంబంధిత శీర్షిక" అని రెండింటి మధ్య ఒక లంకె వేస్తే సరిపోతుంది.

పొడవాటి శీర్షికలు కట్టే అలవాటును మానుకోవాలి. "వరి కోతల్లో గర్భిణులకు పాముకాటు" అని ఒక శీర్షిక పుట్టిందంటే దాని వెనుక మరో యాభై పుడతాయి. గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1933లో వెలువరించిన కోలన్ వర్గీకరణలో చూపినట్టు విషయాన్ని ముఖాలుగా విడదీసి, పాముకాటు, గర్భిణులు, వ్యవసాయ కార్మికులు అని మూడు శీర్షికలను ఒకే వ్యాసానికి ఇవ్వడం మంచిది. చికిత్స, నివారణ, ఆహార నియమాలు వంటి ఉపశీర్షికలు కొద్ది సంఖ్యలోనే ఉండాలి, అన్ని వ్యాధులకూ అవే వర్తించాలి.

మనుషులను కించపరిచే పేర్లను శీర్షికల నుంచి తప్పించాలి, కానీ పట్టికలోంచి తుడిచివేయకూడదు. "పెద్దరోగం" అన్న మాట పాత పుస్తకం పేరులోనే ఉండవచ్చు, దాన్ని వెతికేవారిని "కుష్టు వ్యాధి" దగ్గరకు చేర్చాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నవంబరులో మంకీపాక్స్‌కు ఎంపాక్స్ అని పేరు మార్చినప్పుడు రెండు పేర్లనూ ఒక ఏడాది పాటు పక్కపక్కన వాడవచ్చని చెప్పింది. అటువంటి గడువు మన పట్టికకూ పనికివస్తుంది.

కారణం తేలని జబ్బు వచ్చినప్పుడు తొందరపడి కొత్త శీర్షిక సృష్టించకూడదు. 2020 డిసెంబరులో ఏలూరులో వందలాది మంది ఫిట్స్‌తో ఆసుపత్రుల పాలైనప్పుడు పత్రికలు దాన్ని "వింత వ్యాధి" అన్నాయి. రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నట్టు పరీక్షల్లో బయటపడిందని వార్తలు వచ్చాయి. ఆ వ్యాసాలకు "సీసం విషప్రభావం" అని శీర్షిక ఇస్తే, తీర్పు చెప్పే అధికారం సూచిక రాసేవారికి ఇచ్చినట్టవుతుంది. "ఫిట్స్", "వ్యాధి ప్రబలడం", "ఏలూరు", "2020" అని ఇచ్చి, "ఏలూరు వింత వ్యాధి" అన్న పత్రికల మాటను దారి చూపే పదంగా ఉంచుకోవాలి. కారణాన్ని చర్చించే వ్యాసానికి మాత్రమే సీసం శీర్షికను అదనంగా ఇవ్వవచ్చు. మెష్ కూడా 2020లో కోవిడ్‌కు ముందుగా ఒక అనుబంధ పదాన్ని మాత్రమే ఇచ్చి, 2021 కూర్పులో దాన్ని పూర్తి శీర్షికగా చేర్చింది.

పట్టిక సిద్ధమైన తరువాత అసలు శ్రమ మొదలవుతుంది. మారిన ప్రతి శీర్షిక కిందనున్న అంశాలన్నిటినీ కొత్త శీర్షికకు మార్చాలి. పేరు మాత్రమే మారినచోట కంప్యూటరు ఆ పని ఒక్కసారిగా చేసేస్తుంది. ఒక శీర్షిక రెండుగా చీలినచోట మనిషి చదివి తేల్చవలసిందే, దానికి వారాలు పడుతుంది. ప్రతి శీర్షిక కింద రెండు వాక్యాల పరిధి వివరణ, అది ఏ సంవత్సరం నుంచి అమలులో ఉందో, అంతకు ముందు ఆ విషయం ఏ పదం కింద ఉండేదో రాయాలి. చివరగా, మూడు నెలలు పోగేసిన చీటీలను బయటకు తీసి, ఈ పనిలో పాలుపంచుకోని ఒకరిని పిలిచి, ఆ చీటీలలోని మాటలతోనే వెతకమనాలి. వారు ఎక్కడ ఆగిపోతే అక్కడ ఒక దారి చూపే పదం తక్కువైందని అర్థం, దాన్ని అప్పటికప్పుడే చేర్చాలి. మారిన శీర్షికల జాబితా ఒకటి అచ్చు తీసి కౌంటరు పక్కన అతికించి, మళ్లీ సవరణ చేసే నెలను దాని అడుగున రాసి ఉంచాలి.